ఉషా ఉథుప్ కోసం ఒక గంట: అభిమాన గాయనిని హాస్యవేదిక మీదికి ఎలా తీసుకురావాలి?

సుస్వర (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో నాలుగేళ్లుగా వారాంతాల్లో తెలుగులో స్టాండప్ కామెడీ చేస్తున్నాను. ఇన్నాళ్లూ ఓపెన్ మైక్‌లలో ఐదు నిమిషాలో పది నిమిషాలో మాట్లాడి దిగిపోయేదాన్ని. ఇప్పుడు మొదటిసారిగా గంటసేపు సాగే ప్రదర్శన ఒకటి రాస్తున్నాను. అది పూర్తిగా ఉషా ఉథుప్ గారి గురించి, ఆవిడ మీద నాకున్న అభిమానం గురించి. నా గొంతు బొంగురుగా ఉందని బడిలో ప్రార్థన గీతం పాడే పిల్లల్లోంచి నన్ను తప్పించినప్పుడు, మా అమ్మ ఇంట్లో ఉన్న క్యాసెట్ పెట్టి, "ఈవిడను కూడా చిన్నప్పుడు పాటల క్లాసులోంచి పంపించేశారట, విను" అని చెప్పింది. ఆ సాయంత్రం నుంచి ఆవిడ నాకు ఆత్మబంధువు.

పోయిన నెల ఒక కాఫీ షాపు మేడమీద జరిగిన చిన్న కార్యక్రమంలో ఈ ప్రదర్శన నుంచి పన్నెండు నిమిషాలు చేసి చూశాను. కంచిపట్టు చీర కట్టుకొని, నుదుట పెద్ద బొట్టు పెట్టుకొని, రెండు చేతుల నిండా గాజులు వేసుకొని, గొంతు బాగా కిందికి దించి రెండు పంక్తులు పాడగానే హాలంతా గొల్లుమంది. ఆ తరువాత కూడా నవ్వులు తగ్గలేదు. కార్యక్రమం అయిపోయాక అరవై ఏళ్లు పైబడిన ఒక ప్రేక్షకురాలు నా దగ్గరికి వచ్చి, మోచేతి దాకా జారిన నా గాజులు సర్దుతూ, "అమ్మాయీ, వీళ్లంతా ఇందాక నవ్వింది నిన్ను చూసా, ఆవిణ్ణి చూసా?" అని మెల్లగా అడిగారు. నేను ఏమీ చెప్పలేకపోయాను. అప్పటినుంచి రాత ముందుకు సాగడం లేదు. ఒక హాస్య కళాకారిణి తన అభిమాన గాయనికి ప్రదర్శన ద్వారా నివాళి పట్టాలంటే అనుకరణ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో పెద్దలు చెప్పగలరని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కృష్ణాతీరం

సుస్వర గారూ, ఆ పెద్దావిడ అడగవలసిన ప్రశ్నే అడిగారు. నా అభిప్రాయం మీకు కష్టం కలిగించవచ్చు గాని దాచుకోకుండా చెబుతాను. అసలు వేషం వేయకండి.

ఉషా ఉథుప్ గారు 1969లో మద్రాసు మౌంట్ రోడ్డులోని 'నైన్ జెమ్స్' అనే నైట్‌క్లబ్బులో పాడటం మొదలుపెట్టారు, ఆ తరువాత కలకత్తా పార్క్ స్ట్రీట్‌లోని 'ట్రింకాస్'లో పాడారు. అటువంటి చోట్ల పాడే గాయనులు గౌన్లలో కనిపించడం మామూలైన ఆ రోజుల్లో, ఒక మధ్యతరగతి ఇంటి అమ్మాయి పట్టుచీర కట్టుకొని, తలలో పూలు పెట్టుకొని ఇంగ్లీషు పాటలు పాడటం ఎంత ధైర్యమో ఆలోచించండి. ఆ చీర ఆవిడ నిలబడిన తీరు. ఆ బొట్టులో బెంగాలీ 'క' అక్షరం ఉంటుంది, అది కలకత్తా నగరం మీద ఆవిడ చూపే ప్రేమ. వీటిని మీరు వేసుకొని వేదిక ఎక్కగానే ప్రేక్షకులకు చీర, బొట్టు, గాజులు మాత్రమే కనబడతాయి, వాటి వెనక ఉన్న మనిషి కనబడదు. నవ్వు వచ్చింది వాటికే.

మా ఊరి తిరునాళ్లలో చిన్నప్పుడు చూసిన రికార్డింగ్ డాన్సులు నాకు బాగా గుర్తు. పెద్ద హీరోల పేరు ముందు 'జూనియర్' అని చేర్చుకొని వచ్చే కళాకారులు నల్లకళ్లద్దాలు పెట్టి, కాలర్ ఎగరేసి, నాలుగు అడుగులు వేసేవారు. వాళ్ల శ్రమను తక్కువ చేసి మాట్లాడను, రాత్రి రెండు గంటల దాకా దుమ్ములో ఆడేవారు. కానీ వాళ్లను చూసి చూసి అసలు నటుణ్ణి తెర మీద చూసినా కళ్లద్దాలు, కాలరే కనబడే స్థితికి వచ్చాం. అనుకరణ అసలు మనిషిని కొద్దికొద్దిగా తినేస్తుందని నా భయం.

డాలస్ తెలుగువాడు

కృష్ణాతీరం గారి భయాన్ని గౌరవిస్తూనే, ఇదే ప్రశ్నను తన జీవితమంతా వేదిక మీద పెట్టి చూపించిన ఒక హాస్య కళాకారుడి గురించి చెప్పాలనిపిస్తోంది. ఆయన పేరు ఆండీ కాఫ్‌మన్. 1949లో న్యూయార్క్‌లో పుట్టి, 1984లో ఊపిరితిత్తుల కేన్సర్‌తో 35 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆయన ఆరాధించిన పాప్ తార ఎల్విస్ ప్రెస్లీ.

నేను 1977లో చదువు కోసం అమెరికా వచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 16న ఎల్విస్ మెంఫిస్‌లోని తన ఇంట్లో చనిపోయాడు. రెండేళ్ల తరువాత, 1979 క్రిస్మస్ రోజుల్లో, మా హాస్టల్ హాలులో ఉన్న టీవీలో అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ ప్రత్యేక కార్యక్రమం వస్తుంటే అందులో కాఫ్‌మన్ కనిపించాడు. జానీ క్యాష్, ఎల్విస్ ఇద్దరూ కుర్రతనంలో ఒకే రికార్డింగ్ కంపెనీకి పాడినవాళ్లు. అటువంటి మనిషి ముందు, అతడి స్నేహితుడు పోయిన రెండేళ్లకు, ఆ స్నేహితుడి వేషం వేసి నిలబడటానికి ఎంత గుండె కావాలో నాకు ఆ రోజు తెలియదు.

క్లబ్బుల్లో, టీవీ కార్యక్రమాల్లో ఆయన ఈ అంశాన్ని సాగించే తీరు చెబుతాను, ఎందుకంటే సుస్వర గారికి పనికివచ్చేది ఆ అల్లికే. ముందుగా ఒక బెదురుచూపుల మనిషి వేదిక మీదికి వస్తాడు. కాస్పియన్ సముద్రంలో మునిగిపోయిన ఒక దీవి నుంచి వచ్చానని చెప్పుకుంటాడు. గొంతు సన్నగా, పీలగా ఉంటుంది. భాష సరిగా రాదు. అధ్యక్షుడు కార్టర్‌ను అనుకరిస్తానని అంటాడు, తీరా చేస్తే అదే పీల గొంతు. ఇంకొకరిని అనుకరిస్తానని అంటాడు, మళ్లీ అదే గొంతు. జనం మొదట నవ్వుతారు, కాసేపటికి జాలిపడతారు, ఆ తరువాత కుర్చీలో ఇబ్బందిగా కదులుతారు. అప్పుడు అతడు ఇక ఎల్విస్‌ను అనుకరిస్తానని చెప్పి వెనక్కి తిరుగుతాడు. ఎల్విస్ కచేరీలకు ముందు మోగే ఆ గంభీరమైన సంగీతం, రిచర్డ్ స్ట్రాస్ రాసినది, మొదలవుతుంది. అతడు ప్రేక్షకులకు వీపు చూపిస్తూనే కోటు విప్పి, తీరుబడిగా తల దువ్వుకుంటాడు. ఇటు తిరిగేసరికి అక్కడ ఆ పీలగొంతు మనిషి ఉండడు. పెదవి ఒకవైపు ఎత్తి, మోకాలు ఆడిస్తూ, గిటారు పట్టుకొని, 'ట్రీట్ మీ నైస్' పాటను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పాడతాడు. పాటలో చమత్కారాలు ఉండవు. పాట పాటగానే ఉంటుంది, అందంగా ఉంటుంది. చప్పట్లు మోగుతుండగా అతడు వంగి, మళ్లీ ఆ పాత పీలగొంతుతో "తెంక్ యూ వెడ్డీ మచ్" అంటాడు.

మా హాలులో ఆ రోజు ఎవరూ ఎల్విస్‌ను చూసి నవ్వలేదు. మేం అంతకుముందు ఆ పరదేశి మనిషిని చూసి నవ్వినందుకు సిగ్గుపడ్డాం. అప్పటికి నా ఇంగ్లీషు కూడా ఇంచుమించు అటువంటిదే, క్లాసులో నోరు తెరిస్తే వెనక బెంచీల్లో నవ్వులు వినబడేవి. భాష రాని మనిషి పాటలోకి అడుగుపెట్టగానే రాజు కావడం చూసి నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తెరచాటు

డాలస్ తెలుగువాడు గారూ, అది ఎల్విస్ మీద భక్తా, ఆటపట్టించడమా అనే సందేహం ఆ దేశపు జనానికి రాలేదా?

డాలస్ తెలుగువాడు

తప్పకుండా వచ్చింది, ఇప్పటికీ ఉంది. 1992లో ఆర్.ఇ.ఎమ్. అనే రాక్ బృందం కాఫ్‌మన్ జ్ఞాపకార్థం 'మ్యాన్ ఆన్ ది మూన్' అనే పాట చేసింది. ఆ పాటలో గాయకుడు మైకేల్ స్టైప్ ఆండీని పేరు పెట్టి పిలిచి మరీ ఈ ప్రశ్న అడుగుతాడు, ఒకచోట తానే గొంతు తిప్పి ఎల్విస్ ధోరణిలో పలుకుతాడు. పాప్ తారకు హాస్య కళాకారుడు పట్టిన నివాళిని గుర్తుచేసుకుంటూ, మళ్లీ ఒక పాప్ బృందం ఆ హాస్య కళాకారుడికి నివాళి పట్టిందన్నమాట. ఆ ప్రశ్నకు పాటలోనూ జవాబు ఉండదు.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఎల్విస్ తనను చూసి తాను నవ్వుకోగల మనిషి. 1968 డిసెంబరులో అమెరికా టీవీ సంస్థ ఎన్.బి.సి.లో ప్రసారమైన ప్రత్యేక కార్యక్రమంలో, చుట్టూ ప్రేక్షకులు కూర్చొని ఉండగా, తన పెదవి వంకరపోతోందని తానే చమత్కరించాడు. కాబట్టి ఆ పెదవి మీద నవ్వు అప్పటికే ఎల్విస్ సొంతం, కాఫ్‌మన్ దాన్ని అతడి దగ్గర అప్పు తీసుకొని జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. ఉషా ఉథుప్ గారు కూడా తన గొంతు గురించీ బడిలో జరిగిన సంగతి గురించీ ఎన్నో సభల్లో నవ్వుతూ చెబుతారు. ఆవిడ ఏ విషయం మీద నవ్వడానికి మనకు అనుమతి ఇచ్చారో సుస్వర గారు ముందు గుర్తించాలని నా సూచన.

ఓరుగల్లు శ్రోత

సుస్వర తల్లికి ఆశీస్సులు. మా ఓరుగల్లులో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ గారి కార్యక్రమాలు ఎన్నో ప్రత్యక్షంగా విన్న అదృష్టం నాకు ఉంది. 2001లో పద్మశ్రీ అందుకొని, 2018లో కన్నుమూసిన ఆ మహానుభావుడు ఒక్క కంఠంతో వందల కంఠాలు పలికించారు. వారు ఒక నాయకుణ్ణి అనుకరించినప్పుడు సభలో మొదట వచ్చేది నవ్వు కాదు, ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ మనిషే వచ్చి పలికాడని చెవి నమ్మిన తరువాత ఆశ్చర్యం వస్తుంది, ఆశ్చర్యం వెనక నవ్వు వస్తుంది. నవ్వు ముందుగా వచ్చిందంటే అనుకరణ పైపైన ఉన్నదని అర్థం. మీ కాఫీ షాపు ప్రదర్శనలో నవ్వు ఏ క్షణాన వచ్చిందో గుర్తుచేసుకోండి. పాట నిలదొక్కుకోకముందే వచ్చి ఉంటే ఆ నవ్వు వేషానిదే.

కృష్ణాతీరం గారు వేషమే వద్దన్నారు. అక్కడ మాత్రం వారితో ఏకీభవించలేను. మన దేశంలో వేషం వేయడమే ఆరాధన అయిన సందర్భాలు ఉన్నాయి. స్థానం నరసింహారావు గారు రంగస్థలం మీదా, వేదాంతం సత్యనారాయణశర్మ గారు కూచిపూడి భామాకలాపంలోనూ సత్యభామ వేషం కట్టి నిలబడితే ఆడవాళ్లు కూడా ఆ నడకను, ఆ కనుచూపును చూసి నేర్చుకునేవారని పెద్దలు చెబుతారు. భామాకలాపంలో సత్యభామ ముఖం చూపించకముందు తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. జడ ఒక్కటే కనబడుతుంది, అయినా సభ మొత్తం సర్దుకొని కూర్చుంటుంది. ఆ జడకు కథ ఉంది, గర్వం ఉంది. మీరు వేసుకునే గాజులకు కూడా అటువంటి ప్రవేశం రాయండి. గాజులు ముందు వినబడాలి, మనిషి తరువాత కనబడాలి.

థేమ్స్ ఒడ్డున

లండన్ నుంచి ఒక మాట. ఇక్కడ కేట్ బుష్ అనే గాయని ఉన్నారు. 1978లో, 19 ఏళ్ల వయసులో, తాను స్వయంగా రాసిన పాటతో బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరిన తొలి మహిళ ఆవిడే. 1979లో ఒక్కసారి దేశమంతా తిరిగి ప్రదర్శనలు ఇచ్చి, ఆ తరువాత 2014లో లండన్‌లో 22 రాత్రులు పాడేవరకు, అంటే 35 ఏళ్లపాటు, పూర్తిస్థాయి కచేరీలు చేయలేదు. గాయని రాని ఆ ఖాళీలోనే ఎందరో హాస్య కళాకారులు ఆవిడ వేషం వేశారు. నోయెల్ ఫీల్డింగ్ అనే హాస్యనటుడు 2011లో ఒక ధార్మిక నిధి కోసం జరిగిన టీవీ కార్యక్రమంలో ఎర్ర గౌను వేసుకొని ఆవిడ మొదటి పాటకు నృత్యం చేశాడు. అతడు ఆ నృత్యాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాడని ప్రతి అడుగులో తెలుస్తుంది. గడ్డం చేసిన మగముఖం, ఎర్ర గౌను చూసి వచ్చిన నవ్వు అర నిమిషంలో తీరిపోతుంది, ఆ తరువాత మిగిలేది నృత్యమే.

సారా లూయీ యంగ్ అనే కళాకారిణి ఇంకొక దారి పట్టారు. ఆవిడ ప్రదర్శన పేరుకు అర్థమే 'కేట్ బుష్ లేని సాయంత్రం'. అందులో కేంద్రం గాయని కంటే ఎక్కువగా అభిమానులు. రాని మనిషి కోసం ఎదురుచూసినవాళ్లంతా ఒక గదిలో చేరితే ఏమవుతుందో అదే ఆ ప్రదర్శన. సుస్వర గారూ, మీ ప్రదర్శనలో ఉషా ఉథుప్ గారి భాగం ఎంత, క్యాసెట్ పెట్టిన మీ అమ్మగారి భాగం ఎంత? నేను ప్రేక్షకుల్లో ఉంటే రెండోదాని కోసం ఎదురుచూస్తాను.

కృష్ణాతీరం

అందరి మాటలూ చదివాను. ఓరుగల్లు శ్రోత గారు చెప్పిన జడ ఉదాహరణ దగ్గర నా వాదం కొంత సడలిందని ఒప్పుకుంటున్నాను. అయినా ఒక భయం పోలేదు. కాఫ్‌మన్ ఒక్కడే, కానీ ఎల్విస్ పోయిన తరువాత ఆ తెల్లని మెరుపుల దుస్తులు వేసుకొని పెళ్లిళ్లలో, హోటళ్లలో తిరిగిన అనుకర్తలు లెక్కలేనంత మంది. ఈనాడు ఒక కుర్రవాణ్ణి అడిగితే ఎల్విస్ అంటే ఆ దుస్తులు, ఆ జుట్టు అని చెబుతాడు, గాస్పెల్ అనే క్రైస్తవ భక్తి కీర్తనలు అంత లీనమై పాడిన మనిషి అని చెప్పడు. మంచి నివాళి ఒకటి పుడితే దాని వెనక వంద చవక నకళ్లు పుడతాయి. సుస్వర గారు మొదటి రకంలో ఉండాలంటే, ఒక్క పాటనైనా నవ్వు లేకుండా పూర్తిగా పాడాలన్నది నా షరతు. మీ గొంతును బడిలో వద్దన్నారని రాశారు కదా, ఆ గొంతుతోనే పాడండి, ఆవిడ గొంతుతో కాదు.

న్యాయపక్షం

వృత్తిరీత్యా న్యాయవాదిని కనుక రెండు విషయాలు చెప్పి తప్పుకుంటాను. మొదటిది: పాటను బహిరంగంగా, టికెట్టు పెట్టి పాడేటప్పుడు కాపీరైట్ చట్టం, 1957 వర్తిస్తుంది. రచయితల, స్వరకర్తల తరఫున లైసెన్సులు ఇచ్చే ఐపీఆర్ఎస్ సంస్థ దగ్గర అనుమతి ఎవరు తీసుకుంటారో, మీరా వేదికవారా, ముందుగానే కాగితం మీద రాసుకోండి.

రెండవది: ప్రసిద్ధుల పేరు, గొంతు, రూపం వారి అనుమతి లేకుండా సొమ్ము చేసుకోవడాన్ని మన న్యాయస్థానాలు అడ్డుకుంటున్నాయి. 2022 నవంబరులో అమితాబ్ బచ్చన్ గారికి ఢిల్లీ హైకోర్టు అటువంటి రక్షణ ఇచ్చింది. అయితే అదే హైకోర్టు 2010లో పాప్ గాయకుడు దలేర్ మెహందీ కేసులో, ఆయన పోలికతో పాట పాడే బొమ్మలు అమ్మడం తప్పని తేల్చుతూనే, వ్యంగ్యచిత్రణ, పేరడీ వంటివాటిని మామూలుగా ఆ హక్కుకు భంగంగా చూడకూడదని కూడా చెప్పింది. బొమ్మ అమ్మడానికీ, వేదిక మీద నిలబడి ఒక కళాకారుణ్ణి గురించి మాట్లాడటానికీ ఉన్న తేడాను ఆ తీర్పు గుర్తించింది. ప్రచార పోస్టరు మీద మాత్రం ఆవిడ ఫొటో వేసి, ఆవిడే వస్తున్నారేమో అనిపించేలా చేయకండి. మీ పేరే పెద్దక్షరాల్లో వేయించండి.

సుస్వర

పేరుపేరునా అందరికీ కృతజ్ఞతలు. ఓరుగల్లు శ్రోత గారు చెప్పినట్టు ఆ రోజు రికార్డు చేసిన వీడియోను మళ్లీ చూశాను. నవ్వు నేను పాట మొదలుపెట్టకముందే, మెట్లెక్కి వెలుతురులోకి రాగానే వచ్చింది. ఆ ప్రేక్షకురాలికి ఇప్పుడు నేను జవాబు చెప్పగలను, అది ఉషా ఉథుప్ గారిని చూసి నవ్విన నవ్వే. నన్ను ఇన్నాళ్లు బాధపెట్టింది అదేనని నాకు ఇప్పుడు స్పష్టమైంది.

నిన్న రాత్రి కూర్చొని ప్రదర్శన మొదటి ఇరవై నిమిషాలు తిరగరాశాను. మొదట నేను మామూలు సల్వార్‌లో వస్తాను. ప్రార్థన గీతం గురించి, నన్ను వరుసలోంచి పక్కకు నిలబెట్టిన ఆ ఉదయం గురించి మాట్లాడతాను. నవ్వులన్నీ అక్కడే, నా మీదా, గొంతులకు కొలతలు పెట్టే ఆ ఏర్పాటు మీదా ఉంటాయి. మా అమ్మ క్యాసెట్ పెట్టే ఘట్టానికి వచ్చినప్పుడు దీపాలు తగ్గుతాయి. చీకట్లో గాజులు మాత్రమే వినబడాలి. ఇంట్లో మూడు రకాల గాజులు కలిపి చూశాను. మట్టిగాజులకు ఒక్కటే గలగల వస్తోంది, వాటి మధ్య రెండు లోహపు గాజులు వేస్తే చివరి బెంచీ దాకా వినబడే మోత వస్తోంది. చీర కట్టుకోవాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి పమిట ఒక్కటే సల్వార్ మీద కప్పుకొని చూస్తున్నాను.

కృష్ణాతీరం గారి షరతు ఒప్పుకుంటున్నాను. పాట పూర్తిగా, నా గొంతుతోనే, మధ్యలో మాట లేకుండా పాడతాను. నా శ్రుతి ఆవిడ శ్రుతి కన్నా కొంచెం పైన ఉంది, అది అలాగే ఉండనిస్తాను.

ఓరుగల్లు శ్రోత

తల్లీ, చీకట్లో గాజులు వినబడిన తరువాత ఎంతసేపు ఆగి పాట ఎత్తుకుంటారు? అక్కడ తొందరపడకండి. వేణుమాధవ్ గారు కొత్త గొంతు ఎత్తుకునే ముందు మైకు నుంచి ముఖం పక్కకు తిప్పి ఒక్క గుక్క ఊపిరి తీసుకునేవారు. సభ కూడా ఆయనతోపాటు ఊపిరి బిగపట్టేది.

సుస్వర

నాలుగు సెకన్లు ఆగి చూశాను, చాలలేదు. ఈ ఆదివారం ఏడు సెకన్లు ఆగి చూస్తాను. ఎదురుగా మా అమ్మను కూర్చోబెట్టి.